ఇరవై గంటలేగా!

డల్లాస్ ఎంత దూరమండీ అని ఎవరైనా అడిగితే ఇప్పుడు లెక్కతో సహా చెప్తాను.

మొన్న వేసవిలో మా అత్తగారు పోయారు. సోమవారం సాయంత్రం ఏడింటికి. వెంటనే అమ్మాయికి ఫోన్ చేస్తే అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. (ఎండాకాలం పదిన్నర గంటలు తేడా, చలికాలం పదకొండున్నర. అదో తలనొప్పి!) పెంచిన నాయనమ్మ కదా, దొరికిన టికెట్ కొనుక్కుని మధ్యాహ్నానికే విమానం ఎక్కేసింది పిల్ల.

"విమానంలో ఇరవై గంటలేగా, రేపు సాయంత్రానికి వచ్చేస్తుంది" అన్నారు మా బావగారు. నేను పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక కూడి చూశాను. డల్లాస్ నుంచి దుబాయ్ దాదాపు 12,900 కిలోమీటర్లు, 15 గంటలు. అక్కడ విమానం మారడానికి 8 గంటలు పడిగాపులు. దుబాయ్ నుంచి హైదరాబాద్ 2,550 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. సామాన్లు, తనిఖీలు ఉండనే ఉన్నాయి. శంషాబాద్ నుంచి మా తెనాలికి కారులో ఇంకో 6 గంటలు. ఎలా కూడినా బుధవారం ఉదయమే తేలింది.

"అంతసేపు ఉంచకూడదమ్మా" అన్నారు పెద్దలు. ఫ్రీజర్ పెట్టె తెప్పిద్దామన్నాను. కోడలి మాట ఎవరు వింటారు? మా వారు తల వంచుకుని కూర్చున్నారు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి తీసుకెళ్లిపోయారు. అప్పటికి పిల్ల ఇంకా గాల్లోనే ఉంది.

మన టైము ఒకటిన్నరకి దుబాయ్‌లో దిగి ఫోన్ చేసింది.

"అమ్మా, నాయనమ్మకి ఏ చీర కట్టారు?"

ఆకుపచ్చ వెంకటగిరి చీర అని చెప్పాను. మిగతాది చెప్పలేక ఫోన్ మా వారి చేతికిచ్చాను.