ఏ తేదీ దాకా వెనక్కి?

కమ్యూనిస్టు పాలన పోయాక చెకోస్లొవేకియాలో పెద్ద ప్రశ్న ఒకటి వచ్చింది. ప్రభుత్వం లాక్కున్న ఇళ్ళూ పొలాలూ ఎవరికి తిరిగివ్వాలి? 1991లో చేసిన చట్టాలు ఒక తేదీ పెట్టాయి: 1948 ఫిబ్రవరి 25, కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్న రోజు. ఆ తర్వాత పోగొట్టుకున్నవాళ్ళు అర్హులు. 1945లో జర్మన్ కుటుంబాల నుంచి తీసుకున్న ఆస్తులు ఆ గీతకి అవతలే ఉండిపోయాయి. హంగరీ అయితే చాలావరకు ఆస్తికి బదులు పరిహారం కూపన్లు ఇచ్చి సరిపెట్టింది.

సాఫ్ట్‌వేర్‌లో ఏదన్నా చెడితే మేం పాత వెర్షన్‌కి రోల్‌బ్యాక్ చేస్తాం. చేయడం తేలికే. ఏ వెర్షన్‌కి అన్న దగ్గరే గొడవ. అంతా బాగున్న రోజు ఏదో ముందు ఒప్పుకోవాలి. ఎవరికి బాగున్న రోజు?

తెలంగాణ సాయుధ పోరాటంలో సంఘాలు సుమారు 10 లక్షల ఎకరాలు పంచాయని ఆ ఉద్యమ నాయకులు రాశారు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిశాక, పారిపోయిన దొరలు చాలామంది గడీలకి తిరిగొచ్చారు. పంచిన భూముల్లో చాలా వాటిని మళ్ళీ ఆక్రమించారు. వాళ్ళ లెక్కలో అది తమ ఆస్తి తమకి రావడమే. కానీ అంతకుముందే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చారు. సంఘం అడ్డం నిలబడి కాపాడింది. గీత పంపకాల ముందు గీస్తే దొర బాధితుడు. ఇంకొంచెం వెనక్కి జరిపితే ఐలమ్మ.

మా అడవులదీవి వైపు ఈ ప్రశ్న డి పట్టాల రూపంలో ఉంది. భూమి లేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. కొన్నవాళ్ళ నుంచి తీసుకుని మొదటి పట్టాదారుకో, వారసులకో తిరిగివ్వమంది. ఇక్కడ పాత యజమాని అంటే పేదవాడు. చదివినప్పుడు చాలా నచ్చిన చట్టం నాకిది.

ఇబ్బందేమిటంటే, మా నాన్న 1990ల్లో తెల్లకాగితం మీద కొన్న ఎకరం కూడా డి పట్టాదే. అమ్మినాయన కూతురి పెళ్ళి కోసం అమ్మాడు. ఇప్పుడది రొయ్యల చెరువు. ఆ లీజు డబ్బులతోనే నా ఇంజనీరింగ్ ఫీజులు కట్టారు.

"డబ్బులిచ్చే కొన్నాం గదరా, ఊరికే లాక్కోలా" అంటాడు నాన్న. నిజమే. కానీ పక్కనున్న జిరాయితీ పొలం ధరలో సగం కూడా పెట్టలేదు. అమ్మకూడని భూమి కాబట్టే అంత చవక. పేదవాడికి రక్షణగా పెట్టిన నిషేధం కొన్నవాడికి డిస్కౌంట్ అయింది.

ఆయన పోయాడు. కొడుకు రేపల్లెలో ఆటో నడుపుతున్నాడు. ఎకరం ఆయనకి తిరిగిచ్చినా, వాళ్ళ నాన్న అమ్మిన వరి పొలం రాదు. పాతికేళ్ళుగా ఉప్పునీళ్ళు నిలిచిన చెరువు వస్తుంది. ఈ మధ్య తీసుకున్న లీజులూ, నా డిగ్రీ ఏ రిజిస్టర్‌లోనూ లేవు. కూపన్లన్నా ఇద్దాం, అంటే ఏటా లీజులో సగం, అన్నాను. "నువ్వు సంపాదించే దాంట్లోంచి ఇవ్వు" అన్నాడు నాన్న. ఆ మాట కోపంతోనే అన్నాడు గానీ, లెక్క ప్రకారం తప్పేం కాదు.