తప్పనిసరి పీరియడ్

ఇష్టపడి చదువుకున్న సబ్జెక్టుల గురించీ, అవి చెప్పిన గురువుల గురించీ మనం చాలానే రాసుకున్నాం. కాలేజీ చదువులో ఇంకో రకం పీరియడ్ ఉంటుంది. ఎవరూ కోరుకోనిది, ఎవరూ తప్పించుకోలేనిది. జనరల్ ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజి, పర్యావరణ విద్య, ఇటీవలి కాలంలో జెండర్ సెన్సిటైజేషన్. మెయిన్ సబ్జెక్టుల వాళ్ళు వీటిని పెద్దగా లెక్కచెయ్యరు. టైమ్‌టేబుల్లో భోజనాల తర్వాతి గంట సాధారణంగా వీటికే పడుతుంది. స్త్రీల పత్రికలో మాట్లాడుకోవాల్సినంత విషయమా ఇది అనిపించవచ్చు. పాతికేళ్ళుగా ఈ పీరియడ్లే చెప్తున్నదాన్ని, అంతకుముందు వీటిలోనే బిక్కుబిక్కుమంటూ కూచున్నదాన్ని. నేను చూసినంతలో ఆడపిల్లలు చప్పుడు చెయ్యకుండా చదువులోంచి జారిపోయే చోటు ఇదే.

నేను తెలుగు మీడియంలో చదివి బీయస్సీలో చేరాను. మా ఊరికి దగ్గర్లోని టౌన్లో కాలేజీ. జనరల్ ఇంగ్లీషు అన్ని గ్రూపులకీ కలిపి ఒకే హాల్లో జరిగేది. మొదటిరోజు సారు తెలుగు మీడియం వాళ్ళని లేచి నిలబడమన్నారు. సగం హాలు లేచింది. "మీరు వెనక కూచోండమ్మా. గైడు కొనుక్కోండి. ముప్ఫై అయిదు మార్కులు చాలు మీకు" అన్నారు. తిట్టలేదు, వెటకారం కూడా చెయ్యలేదు. మామీద జాలితోనే అన్నారు. ఆ జాలి ఎంత పని చేసిందంటే, ఆ ఏడాదంతా మేము ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆయనా మమ్మల్ని ఒక్క ప్రశ్నా అడగలేదు. రెండువైపులా ఎంతో మర్యాదగా గడిచిపోయింది.

నా పక్కన కూచునే అమ్మాయికి లెక్కలు మా అందరికంటే బాగా వచ్చు. గ్రూపు సబ్జెక్టులన్నీ ఫస్ట్‌క్లాసు మార్కులతో పాసయింది. మొదటి సంవత్సరం ఇంగ్లీషు పేపరు మాత్రం ఉండిపోయింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది. తప్పనిసరి పేపరు పాసవకపోతే డిగ్రీ పట్టా చేతికి రాదు. వాళ్ళింట్లో అన్నయ్యకూ ఇంగ్లీషు తప్పింది. అతనికి ట్యూషన్ పెట్టించారు. ఈ అమ్మాయికి "చదువు అబ్బలేదు" అని సంబంధం చూశారు. ఆడపిల్ల చదువు ఆపడానికి ఒక వంక కోసం చూసే ఇళ్ళలో ఆ వంకని అందించేది ఇలాంటి పేపరే. ఇద్దరు పిల్లలు ఒకే పరీక్ష తప్పితే ఇద్దరూ కట్టే మూల్యం ఒకటి కాదు. ముప్ఫై అయిదు చాలన్న సారుకి బహుశా ఈ సంగతి ఎప్పుడూ తెలిసి ఉండదు.

రెండో ఏడు ఒక మేడమ్ వచ్చారు. పార్ట్‌టైమ్ లెక్చరరు. ఆవిడ కూడా మా మీడియం అడిగారు. తర్వాత, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇంట్లో ఏమేం చేశారో ఒక పేజీ రాయమన్నారు. ఇంగ్లీషు మాట తట్టని చోట తెలుగు మాటే రాయమన్నారు. నేను మొదటి వాక్యంలోనే కళ్ళాపి దగ్గర ఆగిపోయాను. "దానికి ఇంగ్లీషు మాట నాకూ తెలీదు. ఏం చేస్తావో, ఎలా చేస్తావో రాయి, నాకు అర్థమవుతుంది" అన్నారు. బకెట్, నీళ్ళు, పేడ, వాకిలి, చీకటి. మాట దొరకని చోట నాకు అయిదు వాక్యాలు దొరికాయి. తప్పులు దిద్ది ఇచ్చారు. ఆ అయిదు వాక్యాల పక్కన మాత్రం ఏ గీతా పెట్టలేదు, "ఇంత చలిలోనా?" అని రాశారు. నేను రాసింది ఒక మనిషి చదివిందని నాకు తెలిసిన మొదటిసారి అది. ఎమ్మేకి ఇంగ్లీషు తీసుకోవాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

ఆవిడ మా పక్కమ్మాయికి కూడా మధ్యాహ్నాలు కూచోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఏడు ఆవిణ్ణి మళ్ళీ తీసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

బెల్ హుక్స్ 1994లో వచ్చిన 'టీచింగ్ టు ట్రాన్స్‌గ్రెస్'లో తన చిన్నప్పటి నల్లజాతి బడి గురించి రాస్తుంది. అక్కడి టీచర్లు, ఎక్కువమంది స్త్రీలే, పిల్లల ఇళ్ళూ తల్లిదండ్రులూ తెలిసినవాళ్ళు. తెల్లవాళ్ళతో కలిసి చదివే బడికి మారాక తమనుంచి ఆశించింది విధేయతని మాత్రమే అంటుంది. అది చదివినప్పుడు నాకు మా ఇద్దరు ఇంగ్లీషు లెక్చరర్లూ గుర్తొచ్చారు. మేము ఎక్కణ్ణుంచి వచ్చామో ఇద్దరూ అడిగారు. ఆయన మమ్మల్ని ఎక్కడ కూచోబెట్టాలో తేల్చుకోడానికి అడిగారు. ఆవిడ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలుసుకోడానికి అడిగారు.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి ఇంజనీరింగ్ కాలేజీలో చేరాక నాకు ఇంకో తప్పనిసరి కోర్సు అప్పజెప్పారు. అన్వేషి పరిశోధకులు, వాళ్ళ సహచరులు కలిసి తయారుచేసిన జెండర్ పాఠ్యపుస్తకాన్ని తెలుగు అకాడమీ 2015లో ప్రచురించింది. తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఒకే పుస్తకంలో ఉండడం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. జేఎన్టీయూ హైదరాబాద్ దాన్ని ఇంజనీరింగ్ పిల్లలకి పెట్టింది. 2018 రెగ్యులేషన్స్‌లో ఆ కోర్సు తప్పనిసరే, కానీ క్రెడిట్లు సున్నా. ఆ సున్నా చూసి పిల్లలకంటే ముందు మా స్టాఫ్‌రూమే దాన్ని తేలిగ్గా తీసుకుంది. "అటెండెన్స్ వేసి వదిలెయ్యండి మేడమ్, ప్రాజెక్టు పని చేసుకుంటారు" అన్నారు ఒక కొలీగ్.

ఇంటిపనిని కనబడని శ్రమగా చూపించే పాఠం మొదలుపెట్టిన రోజు వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి అడిగాడు, ఇది ఇంజనీరింగ్‌కి ఎందుకని. వెక్కిరింపు ఉంది ఆ గొంతులో. అయినా ప్రశ్న న్యాయమైనదే. సిలబస్‌లో ఉంది కాబట్టి అంటే ఆ గది అక్కడితో మూతపడుతుంది. మీ ఇంట్లో అమ్మ చేసే పనులు రాసి, ఒక ప్రాజెక్టుకి వేసినట్టు గంటల లెక్క కట్టి రమ్మన్నాను. వారం తర్వాత బోర్డుమీద పట్టిక వేశాడు. చివర పద్నాలుగు మాన్ అవర్స్ అని రాశాడు. ముందు బెంచీ అమ్మాయి ఒకతి, అప్పటిదాకా నోరు విప్పనిది, "అమ్మ చేసినవి మాన్ అవర్స్ ఎలా అవుతాయి?" అంది. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. తర్వాత చాక్‌పీసు పట్టుకుని ఆ మాట దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏం రాయాలో వాడికి తోచలేదు. నేనూ చెప్పలేదు.

ఎలక్టివ్‌గా పెట్టి ఉంటే ఆ అబ్బాయి ఈ కోర్సు తీసుకునేవాడు కాదు. ఆ అమ్మాయి కూడా తీసుకునేది కాదు, "స్త్రీవాదివా?" అని నలుగురూ ఆటపట్టిస్తారని. మనం ప్రేమగా తీర్చిదిద్దుకునే ఎలక్టివ్ కోర్సులకి వచ్చేది చాలావరకు మనతో ముందే ఏకీభవించేవాళ్ళు. ఏకీభవించని వాళ్ళూ, భయపడేవాళ్ళూ, వెనక కూచోబెట్టబడ్డవాళ్ళూ అందరూ ఒకే గదిలో ఉండేది తప్పనిసరి పీరియడ్‌లోనే. లేచి వెళ్ళిపోయే హక్కు వాళ్ళకి లేదు. అందుకే అక్కడ టీచరు చేతిలో ఉండే అధికారం ఎక్కువ, నోటిమాటకి ఉండే బరువూ ఎక్కువ.

మరి ఈ గంటల్ని ఎవరికిస్తున్నాం? నేను పనిచేసిన కాలేజీల్లో ఎక్కువగా గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లకి. వాళ్ళలో చాలామంది స్త్రీలే. స్టాఫ్‌రూములో సొంత కుర్చీ ఉండదు, వచ్చే ఏడు ఉంటారో లేదో తెలీదు. పిల్లల్ని తెలుసుకోడానికి కనీసం ఒక ఏడాదైనా నిలవాలి కదా! ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. ఇంగ్లీషు గంటలో తెలుగు మీడియం పిల్లలు పడ్డ ఇబ్బంది ఇప్పుడు ఫిజిక్సులోనూ, హిస్టరీలోనూ, రోజంతా పడాల్సి వస్తోంది.

యూనివర్సిటీల్లో, కాలేజీల్లో స్థిరపడ్డ మనం చెయ్యగలిగింది ఒకటుంది. జూన్‌లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఫస్టియర్ కామన్ సెక్షన్ ఒకటి నాకివ్వండని అడగడం. సీనియర్లు అడిగే గంట కాదు కాబట్టి ఎవరూ పోటీకి రారు. గెస్ట్‌గా వచ్చిన అమ్మాయిని రెండో ఏడు కూడా ఉంచమని మీటింగులో పట్టుబట్టడం దాంతోపాటే చెయ్యాల్సిన పని.