ఊరు విడిచిన ఫుట్‌బాల్ జట్టు

పిల్లలూ! మీలో చాలామందికి గోదావరిఖని పేరు బొగ్గు మూలంగానే తెలిసి ఉంటుంది. సికింద్రాబాదులో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కాజీపేట, పెద్దపల్లి దాటి, రామగుండం స్టేషనులో దిగితే అక్కడినుంచి ఆటోలో మా ఊరు చేరవచ్చు. దూరాన విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు ముందుగా కనిపిస్తాయి. మా ఊళ్ళో బొగ్గు గనిని గని అనరు, బాయి అంటారు. "మా నాయిన బాయి దిగిండు" అని ఎవరైనా పిల్లవాడు చెబితే కంగారుపడకండి. వాళ్ళ నాన్న షిఫ్టుకు వెళ్ళాడని అర్థం. ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చినప్పుడు ఇళ్ళ కిటికీలు గలగలమంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడతారు. మేము మాత్రం చాయ తాగుతూనే ఉంటాము.

ఈ ఊళ్ళో నాకు ఇష్టమైన చోటు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. అది సింగరేణి కంపెనీవారిది. తెల్లవారుజామున వెళితే అక్కడ మూడు రకాల మనుషులు కనిపిస్తారు: రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి పోతూ ఒక్క నిమిషం మెట్లమీద కూచునేవారు, వైద్యుడు నడవమన్నాడు కనక నడిచే నాబోటి పింఛనుదార్లు, ఎవరూ చెప్పకుండానే పరుగెత్తే పిల్లలు. ఆ పిల్లల్లో మా మనవడొకడు. వాడికిప్పుడు పన్నెండేళ్ళు. 2025 అక్టోబరులో ఒక ఉదయం వాడు పసుపుపచ్చ చొక్కా ఒకటి మడత పెట్టి చేత పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"తాతా, మన జట్టు ఢిల్లీకి పోయిందట. ఇంక నేనీ అంగీ తొడుక్కోవచ్చునా, వద్దా?" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో ప్రశ్నలు వేసినవాణ్ణి, జవాబులు చెప్పినవాణ్ణి. కాని ఆ పూట వెంటనే ఏమీ తోచలేదు. ఆ చొక్కా కథ మీకు చెబితేగాని నా ఇబ్బంది అర్థం కాదు.

2022 డిసెంబరులో పదకొండుమంది పిల్లల్ని వెంటబెట్టుకుని నేను హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియానికి వెళ్ళాను. హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు అప్పుడు మంచి ఊపులో ఉండేది. మ్యాచి రాత్రి ఏడున్నరకు మొదలు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగేసరికి మా పిల్లలు నోళ్ళు తెరిచారు. మైదానం అంత పచ్చగా ఉంటుందని వాళ్ళనుకోలేదు. మా ఊళ్ళో గడ్డిమీద కూడా సన్నగా బొగ్గుపొడి పడుతుంది కదా! జట్టువారి చొక్కా పసుపు, నలుపు. "బాయిల తొడిగే టోపీ పసుపు, బొగ్గు నలుపు. ఇది మన జట్టే తాతా!" అని మావాడు తీర్మానించేశాడు. ఆ రాత్రి తిరుగుబండి లేక స్టేషనులోనే పడుకున్నాము. మావాడు కొత్త చొక్కా విప్పకుండా, దానిమీద చలికోటు తొడుక్కోకుండా, వణుకుతూ నిద్రపోయాడు.

ఇప్పుడు ఆ జట్టు సంగతి వినండి. అది 2019 ఆగస్టులో పుట్టింది. పుట్టింది అనడం కూడా పూర్తిగా సరికాదు. పుణే నగరంలో ఎఫ్.సి. పుణే సిటీ అనే జట్టు డబ్బు చాలక మూతపడితే, ఇండియన్ సూపర్ లీగులో దాని ఖాళీ మనకు వచ్చింది. అంటే మనం సంబరపడుతున్న రోజున పుణేలో ఎవరో ఒక పిల్లవాడు తన చొక్కా చేతపట్టుకుని తాతను ఇదే ప్రశ్న అడిగి ఉంటాడు. నాకు ఆ ఆలోచన అప్పుడు రాలేదు, ఇప్పుడు వచ్చింది.

మొదటి ఏడు జట్టు అన్నిటికన్నా అడుగున నిలిచింది. తరవాత రెండేళ్ళు మహమ్మారి మూలంగా లీగు మొత్తం గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా నడిచింది. అలాంటి కాలంలో, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్దా మైదానంలో, ఫైనలు చూడడానికి జనాన్ని మళ్ళీ రానిచ్చిన రోజున, హైదరాబాదు కేరళ బ్లాస్టర్స్‌తో తలపడింది. ఆట ముగియవస్తుండగా 88వ నిమిషాన సాహిల్ తవోరా దూరంనుంచి కొట్టిన బంతి గోలయి స్కోరు 1-1 అయింది. చివరకు పెనాల్టీలు. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. 3-1తో కప్పు మనది! కాని విచిత్రం చూడండి: ఛాంపియన్లయిన జట్టు ఆ రెండేళ్ళూ సొంత ఊళ్ళో ఒక్క లీగు మ్యాచి కూడా ఆడలేదు. మైదానానికి వెళ్ళే అలవాటు జనానికి కుదిరేలోపే జట్టు శిఖరం ఎక్కేసింది.

తరవాత దిగడం ఎక్కినంత వేగంగానే జరిగింది. 2023-24లో జీతాలు సకాలంలో అందలేదు. పాతబాకీలు తీర్చేదాకా కొత్త ఆటగాళ్ళను చేర్చుకోరాదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆంక్ష పెట్టింది. విదేశీ ఆటగాళ్ళు నడుమనే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రవాళ్ళతోనే జట్టు ఆ ఏడు 22 మ్యాచులు ఆడి ఒక్కటే గెలిచింది. ఆ కుర్రవాళ్ళ గురించి పత్రికలు పెద్దగా రాయలేదుగాని, వారం వారం ఓడిపోతామని తెలిసి బూట్లు కట్టుకోవడం చిన్న పని కాదు. 2024లో కొత్త యజమానులు వచ్చారు. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

"అంత పెద్ద పట్నం ఒక్క జట్టును సాకలేకపోయిందా?" అని మీరు అడగవచ్చు. రండి, నల్లబల్ల మీద ఒక లెక్క వేద్దాం. ఇది బడిలెక్కేగాని ఏ జట్టు ఖాతా పుస్తకమూ కాదు. మ్యాచికి 5,000 మంది వచ్చారనుకోండి. తలకు 100 రూపాయల టిక్కెట్టు. సొంత ఊళ్ళో పది మ్యాచులు. ఎంతయింది? 50 లక్షలు. ఇక ఖర్చు: పాతికమంది ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 20 లక్షలు అనుకుంటే 5 కోట్లు. టిక్కెట్ల డబ్బు పదోవంతుకే సరిపోయింది. ఇంకా శిక్షకులు, వైద్యుడు, విమాన ప్రయాణాలు, మైదానం అద్దె, దీపాల కరెంటు ఉన్నాయి. అదిగాక ఈ లీగులో ఆడుతున్నందుకు జట్టు యజమానులే ఏటా రుసుము కట్టవలసి వచ్చేది. టెలివిజనువారిచ్చే డబ్బు, చొక్కామీద పేరు వేయించుకునే వ్యాపారులిచ్చే డబ్బు కలిపినా కన్నం పూడేది కాదు. ఆ కన్నాన్ని యజమాని తన జేబులోంచి పూడ్చాలి. ఆయన విసిగితే జట్టు ఆగుతుంది, లేదా కదులుతుంది.

మైదానం సంగతి కూడా చూడండి. గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది. 2002 నేషనల్ గేమ్సు కోసం కట్టారు. సుమారు 30,000 మంది పడతారు. చుట్టూ పరుగుపందాల ట్రాకు ఉండడంవల్ల ప్రేక్షకులకు బంతి దూరమవుతుంది. మా పిల్లలు చొక్కాల వెనక అంకెలు చదవలేక కళ్ళు చికిలించారు. అద్దె ఇంట్లో ఉన్నవాడు గోడకు మేకు కొట్టడానికి కూడా ఆలోచిస్తాడు. జట్టు సంగతీ అంతే. హైదరాబాదులోనే శ్రీనిధి దక్కన్ అనే మరో జట్టు అజీజ్‌నగర్‌లో దక్కన్ అరీనా అని చిన్న సొంత మైదానం అమర్చుకుంది. అది ఐ-లీగులో 2022-23లో, 2023-24లో వరసగా రెండోస్థానం సంపాదించింది.

మన హైదరాబాదుకు ఫుట్‌బాలు కొత్త అని మాత్రం అనుకోకండి. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం మా వృత్తివాడే, బడిపంతులు! ఆయన తీర్చిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం తెచ్చింది. ఆ పోలీసు జట్టుకు యజమాని జేబు బెడద లేదు. ఆటగాడికి ఉద్యోగం ఉంది, నెల జీతం ఉంది. సింగరేణి జట్లూ ఆ పద్ధతివే: బాయిలో పని, మైదానంలో ఆట, రెంటికీ కంపెనీయే అండ.

అయితే అండ ఎన్నాళ్ళు ఉంటుంది? ఇక్కడ మిమ్మల్ని ఒక్కసారి ఫ్రాన్సు దేశం తీసుకుపోతాను. ఉత్తరాన లాన్స్ అనే ఊరుంది. అదీ బొగ్గు ఊరే. జనాభా ముప్ఫై రెండు వేల ప్రాంతం. స్టేడియంలో కుర్చీలు సుమారు 38,000! ఊరంతా వచ్చి కూచున్నా ఇంకా చోటు మిగులుతుంది. 1930ల్లో గని కంపెనీయే దాన్ని కట్టించింది. జట్టునూ కంపెనీయే పోషించింది. తరవాత బొగ్గు తగ్గింది, బాయిలు మూతపడసాగాయి. 1960ల చివర బొగ్గు సంస్థ చేయి వెనక్కు తీసుకుంది. జట్టు చితికిపోయి, వృత్తి జట్టు హోదానే వదులుకుంది. అప్పుడు ఊరి మేయరు ఆంద్రే దెలెలీ, పురపాలక సంఘం పూనుకుని నిలబెట్టారు. ఇప్పుడా స్టేడియానికి రెండు పేర్లు కలిపి ఉన్నాయి: ఒకటి గని కంపెనీ అధికారి బొలార్‌ది, రెండోది ఆ మేయరుది. ఆ ప్రాంతంలో చివరి బాయి 1990లో మూతపడింది. ఎనిమిదేళ్ళ తరవాత, 1998లో, లాన్స్ జట్టు ఫ్రాన్సు ఛాంపియను అయింది! నేటికీ రెండో సగం ఆట మొదలయ్యే ముందు జనమంతా లేచి, గని కార్మికుల వరస ఇళ్ళ గురించిన పాట ఒకటి పాడతారు. వాళ్ళలో బాయి ముఖం చూడనివారే ఎక్కువ.

అమెరికాలో గ్రీన్‌బే అనే ఊరు మరో తమాషా. జనాభా లక్షకు కాస్త ఎక్కువ. అక్కడివారి ఫుట్‌బాలు వేరు, బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతారు. గ్రీన్‌బే ప్యాకర్స్ జట్టుకు ఒక్క యజమాని లేడు. 1923 నుంచి వాటాలు జనానివి. ఇప్పుడు వాటాదారులు అయిదు లక్షలకు పైగా ఉన్నారు. వాటా కొన్నవారికి లాభం రాదు, ఉత్త కాగితం వస్తుంది. దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించుకుంటారు. కాని ఆ కాగితాల మహిమ ఒక్కటే చాలదు. ఆ లీగులో 32 జట్లున్నాయి. టెలివిజను డబ్బును దేశమంతటికీ లెక్కగట్టి అందరూ సమానంగా పంచుకుంటారు. న్యూయార్కు జట్టుకెంతో గ్రీన్‌బేకూ అంతే. అందుకే చిన్న ఊరు బతికింది. ఈ రెండో సంగతి చాలామంది చెప్పడం మరిచిపోతారు.

ఇదంతా మావాడికి ఆ ఉదయం స్టేడియం మెట్లమీద కూచోబెట్టి చెప్పాను. వాడు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. 2011 జనాభా లెక్కల్లో రామగుండం పట్టణం సుమారు 2,30,000. "అంటే గ్రీన్‌బే కన్న రెండింతలు, లాన్స్ కన్న ఏడింతలు. మరి మనకెందుకు లేదు తాతా?" అన్నాడు.

లెక్క తప్పలేదు. కాని నేను నిజం దాచలేదు. ఒకప్పుడు సింగరేణిలో లక్ష దాటి కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల ప్రాంతంలో ఉన్నారు. ఈ స్టేడియం గడ్డికి నీళ్ళు పోసేది కంపెనీయే. బొగ్గు ఉన్నంతకాలం పోస్తుంది. ఆ తరవాత ఎవరు పోయాలో ఈ ఊరు ఇంకా ఆలోచించుకోలేదు. వృత్తి జట్టు మాట తరవాత, ముందు గడ్డి మిగలాలి కదా!

మావాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత చొక్కా విప్పి చూసి, తొడుక్కుని, ఆటలోకి పోయాడు. ఆ చొక్కా వాడికి పొట్టిదైపోయింది.

మరుసటి ఆదివారం ఆ పిల్లలు నా దగ్గరికి వంద పేజీల నోటుపుస్తకం ఒకటి తెచ్చారు. తమ జట్టుకు నేను ఖజాంచీగా ఉండాలట. తలకు వారానికి పది రూపాయలు. ఎవరైనా చేరవచ్చు, కాని బంతి ఏ ఒక్కరిదీ కాదు. పధ్నాలుగు మంది సంతకాలు పెట్టారు. మొదటి వారం వసూలు 140 రూపాయలు కావాలి, 120 వచ్చింది. ఇద్దరు బాకీ. గోలుకీపరుకు చేతిజోళ్ళు వేరే కొనాలి కనక వాడు సగమే కట్టాలా, అందరిలాగే కట్టాలా అనే తగవు మాత్రం ఇంకా తెగలేదు.