పచ్చలో దాగిన నీలం

తెలుగు నుంచి హిందీలోనికి అనువదించేవారిని ‘పచ్చ’ అన్న చిన్నమాట పెట్టే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పచ్చని చేను అంటే అక్కడ ‘హరా’ అనాలి. పసుపు పూసిన పచ్చని పాదాలు అంటే ‘పీలా’ అనాలి. ఆకుపచ్చను, పసుపుపచ్చను ఒకే మాటలో ఇమిడ్చిన మన పూర్వులకు రంగుల భేదం తెలియదనడానికి నాకు మనసొప్పదు. ముప్పై ఏళ్లుగా ఈ రెండు భాషల నడుమ తిరుగుతున్న నాకు ఆ మాటను కొత్తగా విప్పి చూపినవి మా ఇంటి పంజరంలోని పక్షులు.

మనవారు లవ్ బర్డ్స్ అనీ, ఉత్తరాదివారు బజరీలనీ పిలిచే ఈ చిన్న చిలుకలు ఆస్ట్రేలియా దేశపువి. జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికాలోని వేరే జాతి; కాని అంగడిలో పేరు స్థిరపడిన తరువాత శాస్త్రం చేయగలిగిందేమున్నది? అడవిలోని బజరీలు ఆకుపచ్చగానే ఉంటాయి. ఆ ఆకుపచ్చలో రెండు రంగులు కలిసి ఉన్నాయి. ఈకలో పసుపువన్నె పదార్థం ఒకటున్నది. నీలానికి అటువంటి పదార్థం లేదు. ఈకలోని అతి సూక్ష్మమైన అల్లిక మీద వెలుతురు పడి చెదిరిపోగా, అడుగున ఉన్న నల్లని మెలనిన్ మిగిలిన కాంతిని మింగివేయగా, మన కంటికి నీలం తోస్తుంది. దాని మీద పసుపు పరచుకొంటే ఆకుపచ్చ. పసుపు తొలగితే పక్షి నీలం. నలుపు తొలగితే పసుపుపచ్చ.

మన దేశపు రామచిలుకను పంజరంలో పెట్టడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పదు గనుక, మా అమ్మాయి మూడేళ్ల క్రితం ఢిల్లీలో జామా మసీదు దగ్గరి అంగడి నుంచి ఒక బజరీల జంటను తెచ్చుకొన్నది. రెండూ ఆకుపచ్చనివే. కన్నం పెట్టిన మట్టికుండ ఒకటి కట్టింది. రోజు విడిచి రోజు గుడ్డు పెట్టి, పద్దెనిమిది రోజులు పొదిగి, ఆ తల్లి ఐదు పిల్లలను లేపింది.

ఆ రోజులలోనే అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. వరుని తల్లి ఫలహారం ముగించి, నన్నూ నా భార్యనూ పిల్లనూ మార్చి మార్చి చూసి, “మీరిద్దరూ పచ్చగా ఉన్నారు, అమ్మాయిది ఎవరి చాయండీ?” అన్నది. ఎంత మెత్తగా అన్నదో! ఈ ‘పచ్చ’కు హిందీలో ‘హరా’ పనికిరాదు, ‘పీలా’ పనికిరాదు. ‘గోరా’ అనవలసి ఉంటుంది. మూడోనాడు జాతకాలు కుదరలేదని కబురు వచ్చింది. అమ్మాయి ఏమీ అనలేదు. మా అమ్మ మాత్రం మరునాటి నుంచి సున్నిపిండి కలపడం మొదలుపెట్టింది.

పిల్లలకు ఈకలు వచ్చేసరికి నాలుగు ఆకుపచ్చవి, ఒకటి నీలం. మా అమ్మ కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూసింది. “పంజరంలోకి మరో మగపక్షి ఏదైనా వచ్చిందటే?” అని మనుమరాలిని రహస్యంగా అడిగింది. ఎనభై రెండేళ్ల మనిషి!

అప్పుడు అమ్మాయి నోటుపుస్తకం తీసి నాయనమ్మకు పాఠం చెప్పింది. ప్రతి పక్షికీ ఈ లక్షణం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తుంది. ఒక్క పాలు పచ్చదైనా పక్షి పచ్చగానే ఉంటుంది. రెండో పాలు నీలమైతే అది లోపల మౌనంగా ఉంటుంది. పెంపకందార్లు అటువంటి పక్షిని ‘స్ప్లిట్’ అంటారు. చూచి పోల్చడం ఎవరితరమూ కాదు. అటువంటి రెండు జతపడితే ఒక్కొక్క గుడ్డుకు నాలుగింట ఒక వంతు నీలం అయ్యే అవకాశం. అంటే నాలుగో గుడ్డు తప్పక నీలమని కాదు. ఐదు పిల్లలలో ఒక్కటీ నీలం కాకపోవడం కూడా 1024 సార్లలో 243 సార్లు జరగవచ్చు. నీలానికి నీలం జతచేస్తే మాత్రం పచ్చ పుట్టదు. ఈ మార్పు ఎక్కడున్నదో 2017లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు: పసుపువన్నెను తయారుచేసే ఒక ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందట. అచ్చులో ఒక్క అక్షరం తప్పితే పద్యం ఏమవుతుందో నాకు తెలుసు. ఇక్కడ పక్షికి ఏ లోపమూ లేదు.

అన్ని రంగులూ ఇలా నడవవు. ఎర్రకన్నుల పసుపు పక్షి, లుటినో, సంగతి వేరు. లుటినో మగదానిని మామూలు పచ్చ ఆడదానితో జతచేస్తే ఆడపిల్లలన్నీ తండ్రిలా పసుపు, మగపిల్లలన్నీ పచ్చ. తండ్రి పోలిక ఆడపిల్ల అదృష్టవంతురాలనే మాట పక్షులలో ఇంత నికరంగా చెల్లుతుందని నేననుకోలేదు.

“మరి నీ రంగు కూడా ఇలాగేనా?” అన్నది మా అమ్మ. అమ్మాయి అంత సులభంగా ఒప్పుకోలేదు. మనిషి చర్మపు రంగు వెనుక ఎన్నో జన్యువులున్నాయనీ, బజరీ లెక్క దానికి చాలదనీ చెప్పింది. ఆమె మాటలు మా అమ్మ వింటున్నట్టు లేదు. కొంతసేపటికి, “మా అత్తగారు కారునలుపు” అన్నది.

నేను పుట్టకముందే పోయిన మా నాయనమ్మను గురించి ఇంట్లో మడి, కోపం, చేతికర్ర తప్ప మరేమీ వినలేదు. ఆమెకు ఫొటో లేదు. “రాత్రి దీపం లేకుండా నడవలో నిలబడితే కళ్లే కనిపించేవి. నీ కళ్లే. ఎంత బాగుండేదో!” ఈ చివరి మాట యాభై ఏళ్లలో మా అమ్మ నోట నేను వినడం అదే మొదలు. అమ్మాయి పుస్తకంలో కొత్త పుట తిప్పి, పెన్సిలుతో ఆ పేరు పైన రాసుకొన్నది.

సున్నిపిండి గిన్నె ఆ పైన కనబడలేదు. ఈ మధ్య మూడో విడతలో ఐదు పిల్లలూ ఆకుపచ్చగానే వచ్చాయి. మా అమ్మకు నచ్చలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పంజరం దగ్గరకు వెళ్లి, ఒక్కొక్కదాని రెక్క కింద కూడా నీలం ఉన్నదేమోనని వంగి వంగి చూస్తున్నది.