పూచీ ఎవరిది?

"మావయ్యా, నాలుగు ప్రశ్నలు అడగడానికి ఇంత తతంగమా?"

సోషల్ వర్క్‌లో పీజీ చేస్తున్న మా అక్క కూతురు ఫోన్‌లో విసుక్కుంది. ఉద్దానంలో డయాలసిస్ రోగుల ఇళ్లలో ఆడవాళ్లు పడే కష్టాల మీద ఆమె ప్రాజెక్టు. దరఖాస్తులో 'స్పాన్సర్' అన్నచోట యూనివర్సిటీ సంతకం పడాలి, నైతిక కమిటీ అనుమతి రావాలి. అప్పటిదాకా ఎవరినీ ఏమీ అడగొద్దన్నారట గైడ్.

స్పాన్సరంటే డబ్బులిచ్చేవాళ్లనే అనుకునేవాణ్ని. క్రికెటర్ల చొక్కాలు చూసి వచ్చిన జ్ఞానం మరి! ఆరోగ్య, సామాజిక సేవల పరిశోధనలో సంగతి వేరు. బ్రిటన్‌లో అయితే సొమ్ము ఎవరిదైనా, పరిశోధన మంచిచెడ్డలకు జవాబు చెప్పే సంస్థే స్పాన్సర్. విద్యార్థుల విషయంలో సాధారణంగా ఆ బాధ్యత యూనివర్సిటీదే. మన మాటల్లో చెప్పాలంటే... పూచీదారు! మన దగ్గర కూడా 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం వివరాల పత్రం జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువురాని వాళ్లయితే పక్కన సాక్షి ఉండాలి. ఇష్టం లేకపోతే మధ్యలోనే మానుకోవచ్చు.

ఇదంతా కాగితాల గొడవే అనిపించింది, మా మేనత్తను చూసేదాకా.

టెక్కలి, పలాస దాటి కవిటి వైపు తిరిగితే కొబ్బరి తోటలు, జీడి తోటలు. 2018లో తిత్లీ తుపాను నేలకూల్చిన చోట మళ్లీ మొక్కలు లేచాయి. ఇళ్లలో పోయినవాళ్లు మాత్రం తిరిగి రారు. ఇక్కడ జరిగిన సర్వేల్లో పెద్దవాళ్లలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే. కారణం ఇదీ అని ఎక్కడా కచ్చితంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మామయ్య అప్పటికే లేడు.

"ఎంతమందో వచ్చినారు నాయినా. మీ మావ నెత్తురు మూడుసార్లు తీసుకెళ్లినారు. ఏటి తేలిందో ఒక్కలూ మళ్లీ వచ్చి సెప్పలేదు" అంది అత్త.

ఆ మాట మేనకోడలికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పత్రంలో ఒక వాక్యం చేర్చింది: 'తెలిసిన విషయాలు మీ ఊరికి వచ్చి మీకే చెబుతాను.'

అనుమతి వచ్చాక ఇద్దరం కలిసి వెళ్లాం. ఆమె పత్రమంతా చదివి వినిపించింది.

"నువ్వు రాకపోతే?" అడిగింది అత్త.

"ఇదిగో అమ్మమ్మా, యూనివర్సిటీ ఫోన్ నంబరు. వాళ్లను అడుగు."

అత్త వేలిముద్ర వేసింది. తన కాపీని నాలుగు మడతలు పెట్టి, మామయ్య డయాలసిస్ ఫైల్లో దాచింది.