జనమంటే పడని మావారితో మధుర మీనాక్షి దాకా

మావారికి సినిమాలంటే ఇష్టమే. పడనిదల్లా సినిమా హాలు. అందులోనూ రిలీజు రోజు హాలు! నా సంగతి వేరు. కాగితం ముక్కలు ఎగిరి, ఈలల మధ్య సగం డైలాగులు వినపడని మొదటి ఆట చూడకపోతే నాకు ఆ సినిమా చూసినట్టే ఉండదు. పత్రికలకు రాసి బతికేదాన్ని కనుక అది తప్పదు కూడాను. ఆయన మాత్రం మూడో వారంలో ఏ మంగళవారమో, మ్యాట్నీకి, గుమ్మం పక్క సీటు దొరికితేనే వస్తారు. "హాల్లో నలభై మందే ఉన్నారోయ్, ఎంత హాయిగా ఉందో!" అంటారు. ఆ మాట నిర్మాత వింటే ఏమైపోవాలి చెప్పండి!

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని మొన్న తంజావూరు, మధుర వెళ్ళొచ్చాను. హాలు నిండితే కనీసం హౌస్‌ఫుల్ బోర్డు పెడతారు. గుళ్ళకు ఆ బోర్డుండదు కదా! ఎంతమంది వస్తే అంతమందీ లోపలికే.

మరెందుకు వెళ్ళినట్టు? ఒక పట్టుచీర కోసం.

బీరువాలో చీర

మా అత్తగారి పుట్టిల్లు మధుర పక్కన ఒక పల్లె. నాయకరాజుల కాలంలో అటు వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఆ చుట్టుపక్కల బోలెడు మంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పెళ్ళయి బెజవాడ వచ్చినా ఆవిడకు దేవతంటే మీనాక్షే.

1992లో కృష్ణా పుష్కరాలు. మావారికి అప్పుడు ఏడేళ్ళు. ఘాట్ మెట్ల మీద జనం ఒక్కసారి ఒరిగేసరికి తల్లి చెయ్యి జారిపోయింది. నాలుగు గంటల తర్వాత దొరికారట. ఆ నాలుగు గంటల్లో తన చుట్టూ నడుములూ, మోకాళ్ళూ, తడిబట్టలూ తప్ప ఆయనకు మరేమీ గుర్తులేవు. అత్తగారికి మాత్రం మొక్కు గుర్తుంది. "నా బిడ్డ దొరికితే వాడి చేత్తోనే నీకు పట్టుచీర పెట్టిస్తాను తల్లీ" అని.

చీర కొన్నారు. ఆకుపచ్చది, ఎర్రంచు. మావారిని ఎన్నిసార్లు బయల్దేరదీసినా ఏదో ఒక వంక. ఆఖరికి ఆవిడే వెళ్ళిపోయారు. చీర మాత్రం బీరువాలోనే, నాఫ్తలీన్ ఉండల మధ్య, అలాగే ఉండిపోయింది. ఈ ఏడు సంవత్సరీకం అయ్యాక ఆయనంతట ఆయనే అన్నారు: "టిక్కెట్లు తియ్యి. మళ్ళీ అడిగితే వద్దంటాను."

ఇది నవ్వులాట కాదు

జనమంటే భయమనగానే మనవాళ్ళు నవ్వేస్తారు. మీరూ ఒకింత నవ్వే ఉంటారు. కానీ రిలీజు రోజుల్లో గేట్ల దగ్గర తోసుకునే కుర్రకారు కనుక, మీకీ సంగతి తెలియాలి.

చదరపు మీటరు జాగాలో ఇద్దరు ముగ్గురున్నంతవరకు మనిషి తన ఇష్టప్రకారం నడుస్తాడు. ఆరేడుగురయ్యారంటే గుంపు నీళ్ళలా కదులుతుంది. వెనకెక్కడో తోపు మొదలైతే ముందెక్కడో దెబ్బ తగులుతుంది. మధ్యలో ఉన్నవాడు ఎంత వస్తాదైనా ఆగలేడు. తొక్కిసలాట అని పేరే గాని, చాలామంది కాళ్ళ కింద పడి పోరు. నిలబడ్డచోటే ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరందక పోతారు.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో 'పుష్ప 2' ప్రీమియర్ దగ్గర ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. నెల తిరగ్గానే, 2025 జనవరి 8న, తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవాళ్ళలో ఆరుగురు పోయారు. ఒకరు హీరో కోసం వెళ్ళారు, మిగతావాళ్ళు దేవుడి కోసం వెళ్ళారు. గుంపుకు ఆ తేడా తెలియదు. ఆ రెండుసార్లూ మావారు పేపరు మడిచి పక్కన పెట్టేశారు గాని ఒక్క మాటా అనలేదు.

తంజావూరు: రాతి మీద టైటిల్ కార్డులు

మద్రాసు ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి తంజావూరు. ముందు ఇక్కడ దిగడం నా ఎత్తే. మధురకు ముందు ఆయనకు కాస్త రిహార్సలు కావాలి కదా!

పొద్దున్న ఆరింటికి బృహదీశ్వరాలయం తెరుస్తారు. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన గుడి. వెయ్యేళ్ళు దాటిందన్నమాట. సుమారు 216 అడుగుల విమానం. లోపలి ఆవరణ పొడవు 240 మీటర్లు, వెడల్పు 120 మీటర్లు. అంతటి రాతి మైదానంలో వందమంది వచ్చినా పావురాల గుంపులా ఎటో సర్దుకుపోతారు. మావారు చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, సొంత తోటలో తిరిగినట్టు తిరిగారు.

దర్శనం వరుస పెరిగేలోగా బయటికొచ్చేసి గోడల వెంట పడ్డాం. ఆ గోడల నిండా శాసనాలే. మన సినిమావాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది అందులో. రాజరాజు ఈ గుడి కొలువుకు వేరే ఊళ్ళ గుళ్ళ నుంచి సుమారు 400 మంది నాట్యకత్తెలను రప్పించాడు. వాళ్ళకు గుడి చుట్టూ వీధుల్లో ఇళ్ళిచ్చాడు. ఏ వరసలో ఎన్నో ఇంట్లో ఎవరుంటారో, ఆమె పేరేమిటో, ఏ గుడి నుంచి వచ్చిందో రాతి మీద చెక్కించాడు. ఒక్కొక్కరికి ఏడాదికి 100 కలాల వడ్లు భృతి. మన గ్రూపు డాన్సర్ల పేర్లు టైటిల్స్‌లో ఎన్ని సినిమాల్లో చూశారు? వెయ్యేళ్ళ కిందటే ఈ ప్రొడ్యూసరు వేయించాడు!

గర్భగుడి పై అంతస్తులో నాట్య కరణాల శిల్పాలున్నాయి. 108 చెక్కాలనుకుని 81 చెక్కారు. మిగతా 27 రాళ్ళూ ఖాళీగా ఉండిపోయాయి. అక్కడికి మామూలుగా జనాన్ని పోనివ్వరు. కింది అంతస్తులో నాయకుల కాలపు బొమ్మల వెనక దాగిన చోళుల కుడ్యచిత్రాలు 1931లో బయటపడ్డాయి. వాటి ఫోటోలు ఆవరణలోనే ప్రదర్శనకు పెట్టారు. మేం వెళ్ళినప్పుడు ఆ గదిలో ఉన్నది మేమిద్దరం, ఒక కాపలావాడు. మావారు ఒక్కో బొమ్మ ముందు అయిదేసి నిమిషాలు నిలబడ్డారు. దర్శనం వరుసలో శివుడి ముందు దొరికేది కొన్ని క్షణాలేనాయె!

తంజావూరు మనకు పరాయి ఊరు కాదు. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు ఏలినప్పుడు ఇక్కడి కొలువు భాష తెలుగే. అక్కినేని 1976లో తెర మీద చూపించిన క్షేత్రయ్య ఆ విజయరాఘవుడి ఆస్థానానికి వచ్చినవాడే. తమిళంలో మొదటి సినిమాస్కోప్ 'రాజరాజ చోళన్' (1973) ఈ గుడి కట్టిన రాజు కథే. అందులో శివాజీ గణేశన్ కిరీటం చూసిన కళ్ళతో ఈ విమానం చూస్తే, స్కోప్ తెర కూడా చాలదనిపించింది నాకు.

మధుర: లోపలికి వెళ్ళేకొద్దీ ఇరుకు

తంజావూరు నుంచి మధురకు బస్సులో నాలుగైదు గంటలు. ఆ దారంతా చీర సంచీ ఆయన ఒళ్ళోనే ఉంది.

మధుర గుడి కట్టడం తంజావూరుకు సరిగ్గా తిరగబడింది. అక్కడ నడిమి విమానం ఆకాశాన్నంటితే చుట్టూ గోపురాలు చిన్నవి. ఇక్కడ 14 గోపురాలు. బయటివి కొండల్లా ఉంటాయి. దక్షిణ గోపురం అన్నింటికన్నా ఎత్తు. అమ్మవారి మీదా అయ్యవారి మీదా ఉన్న బంగారు విమానాలు మాత్రం చిన్నవి. లోపలికి నడిచేకొద్దీ కప్పు దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది, దారి సన్నబడుతుంది. భక్తుడికి అది తల్లి ఒడిలోకి వెళ్ళినట్టు. మావారికి?

మేం చేరింది శుక్రవారం సాయంత్రం. అమ్మవారి వారం. తూర్పు వైపు అష్టశక్తి మండపంలోంచి లోపలికెళ్ళాం. మల్లెపూలు, కర్పూరం, చెమట. ఇనుప కమ్మీల వరుస మొదలయ్యే చోట ఆయన ఆగిపోయారు. చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చెయ్యి చల్లబడటం జాకెట్టు మీద నుంచే తెలిసింది.

"నువ్వెళ్ళి ఇచ్చేసి రా. నేనిక్కడే ఉంటాను."

"అత్తయ్యగారు మొక్కింది మీ చేత్తో ఇప్పిస్తానని కదండీ."

"చేతిదేముందోయ్, చీర ముఖ్యం."

నేను వాదించలేదు. వెళ్ళనూ లేదు. ఇద్దరం బయటికొచ్చేశాం. రాత్రి హోటల్లో ఆయన ఇడ్లీ ముట్టలేదు. చీర మంచం మీద పెట్టి, మడతలు విప్పి, మళ్ళీ మడిచారు.

పడుకోబోయే ముందు నేను ఊరి పటం తీశాను. మధుర పాత ఊరంతా గుడి చుట్టూ గళ్ళు గళ్ళుగా ఉంటుంది. వీధులకు తమిళ నెలల పేర్లు. బయట మాసి వీధులు, వాటి లోపల ఆవణి మూల వీధులు, ఇంకా లోపల చిత్తిరై వీధులు, ప్రాకారం దాటగానే ఆడి వీధులు. ఒకదానిలో ఒకటి నాలుగు చతురస్రాలు. "రేపు తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరదాం. ఒక్కో చుట్టూ నడుద్దాం. ఎక్కడ వద్దనిపిస్తే అక్కడే ఆగిపోదాం" అన్నాను. ఆయన పటం తీసుకుని చాలాసేపు చూశారు.

నాలుగు చుట్లు

మాసి వీధుల్లో పూలబుట్టలు దించుతున్నారు. ఆవణి మూల వీధిలో కాఫీ తాగాం. చిత్తిరై వీధుల్లో వాహనాలను రానివ్వరు. ముగ్గులు వేసే ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరు. అయిదింటికి తలుపులు తీశారు. సెల్‌ఫోన్లు లోపలికి తేనివ్వరు కనుక హోటల్లోనే పెట్టి వచ్చాం. ఆడి వీధిలో ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. ఎక్కడినుంచో నాదస్వరం.

ప్రతి చుట్టు దగ్గరా "సరేనా?" అని అడిగాను. ప్రతిసారీ తలూపారు. బంగారు తామర కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. తర్వాత ఆయనే లేచారు.

వరుసలో యాభై అరవై మంది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని ఏదో లెక్కపెడుతున్నారు. వెనకున్న ముసలావిడ "ఏమైందమ్మా" అని తెలుగులోనే అడిగింది. "ఏమీ లేదండీ, మొక్కు" అన్నాను. ఆవిడ రెండడుగులు వెనక్కి జరిగి, తన వెనకవాళ్ళను కూడా మోచేత్తో ఆపింది. అంతే. ఆ రెండడుగుల జాగా చాలింది ఆయనకు.

చీర పళ్ళెంలో పెట్టి ఆయన చేత్తోనే అందించారు. ఆకుపచ్చ పట్టు దీపం వెలుగులో ఒక్క క్షణం మెరిసి లోపలికి వెళ్ళిపోయింది.

బయటికొచ్చాక అడిగాను: "అమ్మవారి మొహం బాగా కనిపించిందా?"

"మొహం చూడలేదోయ్. చేతిలో చిలక కనిపించింది."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను కోనేటి వైపు చూశాను.

ఆ తర్వాత తొమ్మిదింటి దాకా గుళ్ళోనే ఉన్నాం. జనమంతా సన్నిధి వైపు పోతున్నారు. మేం అంచుల్లో తిరిగాం. కంబత్తడి మండపంలో మీనాక్షి కల్యాణం స్తంభం ఉంది. నడుమ సిగ్గుతో తల వంచిన పెళ్ళికూతురు, ఒక పక్క శివుడు, మరో పక్క చెల్లెలి చెయ్యి అప్పగిస్తున్న విష్ణువు. ముగ్గురినీ ఒక్క ఫ్రేములో బిగించిన ఆ శిల్పి ఈ రోజుల్లో పుడితే కెమెరామన్ అయ్యేవాడు! వెయ్యికాళ్ళ మండపంలో స్తంభాలు నిజానికి 985. హంస మీద రతీదేవి అక్కడే ఉంది.

మీకూ ఇలాంటి మనిషి ఉంటే

మీ ఇంట్లోనూ ఇలాంటివారు ఉండే ఉంటారు. ఆలి కావచ్చు, అన్న కావచ్చు, స్నేహితుడు కావచ్చు. "ఏం భయం, నేనున్నాగా" అని చెయ్యి పట్టి లాగకండి. శుక్రవారం, పండగ, సెలవురోజు వద్దు. తలుపులు తీసే వేళకు వెళ్ళండి. బయటికి దారి ఎటో ముందే చూపించండి. మధ్యలో ఆగిపోయే హక్కు ఆ మనిషికివ్వండి. పేరున్న ప్రతిచోటా జనం కిక్కిరిసేది ఒక్క బిందువు దగ్గరే. చూడదగ్గది దాని చుట్టూ ఎకరాల కొద్దీ పరచుకుని ఉంటుంది.

ఆ రోజే తిరుమల నాయకుడి మహలుకు వెళ్ళాం. 1636లో కట్టిన ఆ రాజభవనంలో ఇప్పుడు మిగిలింది పాతికవంతే అంటారు. మణిరత్నం 'బొంబాయి' (1995)లో మనీషా కొయిరాలా పరుగెత్తిన 'కన్నానులే' పాట స్తంభాలు ఇవే. నేను పాట కూనిరాగం తీస్తుండగా వంద మంది బడిపిల్లలు కేకలేస్తూ లోపలికి దూసుకొచ్చారు. నేను కంగారుగా మావారి వైపు చూశాను. ఆయన ఒక లావుపాటి స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డారు. పిల్లలంతా ఆ స్తంభానికి అటూ ఇటూ పారిపోయారు. ఆఖరి పిల్లాడు వెళ్ళాక ఆయన వాచీ చూసుకుని, "ఆకలేస్తోందోయ్, నిన్నటి ఇడ్లీ హోటలుకే పోదామా?" అన్నారు.