మామ మోటారు నావ

ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఈ రెండు నదుల నడుమ ఉన్న మా రాయచూరు సీమను పెద్దలు అంతర్వేది అంటారు. కృష్ణ మా వైపు ఒకే ధారగా పారదు. రాతి బండల మధ్య పాయలుగా చీలి, కొంత దూరం పోయాక మళ్లీ కలుస్తుంది. ఆ పాయల నడుమ గడ్డలున్నాయి. గడ్డల మీద కుర్వకలా, కుర్వఖుర్దా వంటి ఊళ్లున్నాయి. అలాంటి గడ్డ మీది ఒక చిన్న ఊరు మా మేనమామది. నేను అక్కడే పెరిగాను. ఇంట్లో తెలుగు, ఒడ్డు దాటితే కన్నడం, రాయచూరు బజారులో ఉర్దూ. మూడు భాషలూ మాకు పుట్టుకతో వచ్చినట్టే ఉండేవి.

ఏరు దాటాలంటే పుట్టి ఒక్కటే ఆధారం. వెదురు బద్దలను గుండ్రంగా అల్లి, అడుగున పూర్వం తోలు కప్పేవారు. తరువాత తారు పూసిన పట్టా వచ్చింది. కన్నడంలో దీనిని హరిగోలు అంటారు. ఆ మాట మన తెలుగు నిఘంటువుల్లో కూడా ఉంది. పుట్టి నీటి మీద గిర్రున తిరుగుతూ పోతుంది. వరద రోజుల్లో అది ఎక్కడ ఒడ్డు చేరుతుందో నడిపేవాడికే తెలియదు.

మా మామ మాత్రం ఒక చెక్క నావ సంపాదించాడు. దాని వెనుక తగిలించడానికి కాకినాడ వైపు నుంచి ఒక పాత మోటారు తెచ్చాడు. పెట్రోలుతో మొదలై, వేడెక్కిన తరువాత కిరోసిన్‌తో నడిచే రకం. మా రేవులో అదొక్కటే మోటారు నావ. పుట్టిలో ముప్పావు గంట పట్టే దారిని అది పది నిమిషాల్లో దాటించేది. బడికి పోయే పిల్లలు, పాలు పెరుగు అమ్ముకునేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు అందరూ మామ కోసమే చూసేవారు.

1983లో నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఆ ఏడు వానాకాలంలో మోటారు మొరాయించడం మొదలుపెట్టింది. వేగంగా పోతున్నంతసేపూ బాగానే ఉండేది. వేగం తగ్గిస్తే చాలు, రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. మామ తాడు చుట్టి లాగేవాడు. నాలుగోసారికో అయిదోసారికో అందుకునేది.

"కార్పొరేటరులో చెత్త పడింది" అన్నాడు మామ. మా వైపు మెకానిక్కులు కార్బురేటరును ఇప్పటికీ అలాగే అంటారు. పట్టణాల్లో ఓట్లతో గెలిచి వచ్చేవారిని కూడా అదే పేరుతో పిలుస్తారని తెలిసిన రోజు నేను చాలాసేపు నవ్వుకున్నాను.

ఆదివారం నాడు అరుగు మీద పాత వార్తాపత్రిక పరిచి మామ దాన్ని విప్పేవాడు. విప్పిన ముక్కలను వరుస తప్పకుండా పేర్చడం నా పని. అడుగున ఒక చిన్న గిన్నె. అందులో తేలుతూ ఉండే ఫ్లోటు. గిన్నె నిండగానే ఫ్లోటు పైకి లేచి ఒక సూదిని నొక్కుతుంది, సూది దారి మూస్తుంది. నూనె తగ్గితే ఫ్లోటు దిగుతుంది, దారి తెరుచుకుంటుంది. గిన్నె మధ్య నుంచి పైకి ఇత్తడి జెట్టు. దాని రంధ్రం వెంట్రుక దూరేంత సన్నం. నేను ఒకసారి ఆ రంధ్రంలో గుండుసూది పెట్టబోతే మామ చేతి మీద ఒక్కటి వేశాడు. "గీత పడితే పనికిరాదు. పెట్రోలులో నానబెట్టి నోటితో ఊదాలి, అంతే."

గాలి గొట్టం మధ్యలో సన్నబడుతుంది. సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. అందుకే గిన్నెలోని నూనె జెట్టు గుండా పైకి లేచి తుంపరగా గాలిలో కలుస్తుంది. బెర్నూలీ 1738లో, వెంచూరీ 1797లో నీటి ప్రవాహాల గురించి రాసిన సంగతులే ఇందులో ఉన్నాయని, 1893లో జర్మనీలో మేబాక్, హంగరీలో బాంకీ, చోంకా అనేవారు జెట్టుతో తుంపర చేసే కార్బురేటర్లను రూపొందించారని నేను చాలా ఏళ్ల తరువాత చదువుకున్నాను. తెలుగు ఎం.ఏ. చేసినవాడికి ఇవన్నీ ఎందుకని మిత్రులు అనేవారు. కాని మా ఊరి ముందు రెండు బండల మధ్య కృష్ణ ఇరుకై ఉరకడం చూసినవాడికి ఆ గొట్టం అర్థం కాకపోవడం ఎలా?

మామ మూడు ఆదివారాలు కార్బురేటరు కడిగాడు. కడిగిన ప్రతిసారీ మోటారు రెండు మూడు రోజులు బాగుండేది. బిగించేటప్పుడు ఐడ్లింగు మరను కాస్త తిప్పి ఇంజను వేగం పెంచేవాడు. బాగుండడానికి కారణం కడగడం కాదు, ఆ మర తిప్పడమే. అది మాకప్పుడు తెలియలేదు.

ఆగస్టులో ఒక ఉదయం నావలో పదకొండుమందిమి ఉన్నాం. ఎగువన నారాయణపురం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. నది ఎర్రగా పొంగుతోంది. నా పక్కన ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న బిడ్డను కొంగులో చుట్టుకుని కూర్చుంది. నది మధ్య రెండు బండల సందులోకి వచ్చేసరికి మామ అలవాటుగా వేగం తగ్గించాడు. మోటారు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. అంతవరకూ మోటారు చప్పుడులో మాకు వినిపించని నది అప్పుడు వినిపించింది. నావ అడ్డం తిరిగి బండ వైపు పోసాగింది. మామ తాడు వదిలేసి వెదురు గడ అందుకున్నాడు. గడను బండకు ఆనించి ఒళ్లంతా వంచి తోశాడు. "అందరూ కూర్చోండి, ఎవరూ లేవవద్దు" అని ఒక్కమాటే అన్నాడు. నావ బండను రాసుకుంటూ పోయి, అర మైలు దిగువన తుమ్మచెట్ల దగ్గర ఒడ్డుకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తల్లి ఏమీ అనకుండా బిడ్డను ఎత్తుకుని బురదలో నడుచుకుంటూ పోయింది.

మరునాడు రేవుకు వచ్చినవారిలో సగంమంది మామ నావ పక్కనుంచే నడిచి పుట్టి ఎక్కారు. ఎవరూ నిష్ఠూరమాడలేదు. తిట్టి ఉంటే మామ తట్టుకునేవాడేమో! ఆ రోజు మధ్యాహ్నమే మోటారును గోనెలో చుట్టి, ఎద్దుల బండిలోను, బస్సు మీదను వేసి రాయచూరు తీసుకుపోయాం.

తీన్ కందిల్ దగ్గర ఒక సందులో ఉస్తాద్ దుకాణం ఉండేది. ఆయన పంపు ఇంజన్లు బాగుచేయడంలో పేరున్నవాడు. ముందు మామ చెప్పిందంతా విన్నాడు. మోటారును నీళ్లు నింపిన పీపాకు తగిలించి నడిపాడు. వేగం తగ్గించగానే అది ఎత్తుకుంటూ దింపుకుంటూ కొట్టుకుంది. కార్బురేటరు గొట్టంలో గాలిని అదుపు చేసే రెక్క ఒకటి ఉంటుంది. ఆ రెక్క ఇరుసు రెండు చివరలా ఉస్తాద్ వేలితో గ్రీజు పూశాడు. ఆశ్చర్యం! చప్పుడు వెంటనే కుదురుకుంది. గుడ్డతో గ్రీజు తుడిచేశాడు. మళ్లీ కొట్టుకోవడం మొదలైంది.

"చూశావా భాయ్? చెత్త లేదు. ఇరుసు రంధ్రం అరిగింది. దొంగగాలి లోపలికి పోతోంది. వేగంగా పోయేటప్పుడు ఆ గాలి లెక్కలోకి రాదు. రెక్క మూసుకున్నప్పుడే దాని దెబ్బ తెలుస్తుంది."

అంతటితో ఆగలేదు. ఈ మోటారులో ఆయిలు ఇంధనంలోనే కలిసి వస్తుంది కనుక, గాలి ఎక్కువై ఇంధనం పలచబడితే పిస్టనుకు ఆయిలు కూడా తగ్గుతుందని, ఇంజను వేడెక్కి ఒకరోజు పట్టేస్తుందని చెప్పాడు.

మామ మెల్లగా అడిగాడు. "కిట్టు వేస్తే సరిపోదా ఉస్తాద్?"

"సూది మారుస్తాను, ప్యాకింగులు మారుస్తాను, జెట్టు కడుగుతాను. అవన్నీ మారే వస్తువులు. రంధ్రాన్ని ఎలా మార్చాలి?"

మార్గం ఒకటుందని నాకు తెలుసు. లేత్ మిషను మీద ఆ రంధ్రాన్ని పెద్దది చేసి ఇత్తడి బుష్ వేస్తారు. పంపు ఇంజన్లకు అలా వేయడం ఆ దుకాణంలోనే చూశాను. ఖర్చు కూడా తక్కువ. కొత్త కార్బురేటరు ధర వింటే మామ ముఖం వాడిపోయింది. అది మామకు రెండు నెలల రాబడి.

ఉస్తాద్ కార్బురేటరును వెలుతురుకు పట్టి తిప్పి చూపించాడు. ఒకవైపు రంధ్రం చుట్టూ సన్నటి పసుపు వలయం ఉంది. మామ కొనకముందే ఎవరో ఒకసారి బుష్ వేశారు. దాని పక్కన పోత అట్టముక్కంత పలచగా ఉంది. మళ్లీ తొలిస్తే పగులుతుంది.

"పొలం ఇంజనైతే అయినా ప్రయత్నించేవాణ్ణి" అన్నాడు ఆయన. "అది ఆగితే చేను గట్టున ఆగుతుంది. నీది నది మధ్యలో ఆగుతుంది."

తిరిగివచ్చాక మామ రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు అత్తే రెండు మేకలను విప్పి సంతకు పంపింది. "అడ్డం చెప్పకండి. ఆ బిడ్డ తల్లి ముఖం నాకూ కళ్ల ముందు నిలుస్తోంది" అంది. సికింద్రాబాదు రాణిగంజ్ నుంచి కొత్త కార్బురేటరు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ మామ కూడా పుట్టిలోనే మమ్మల్ని దాటించాడు.

కొత్తది బిగించాక పెట్రోలుతో మోటారు హాయిగా నడిచింది. కిరోసిన్‌కు మార్చగానే నల్లపొగ వదిలి ఆగింది. మామ తల పట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ రాయచూరు పోయాం. ఉస్తాద్ రెండు జెట్లనూ విప్పి వాటి మీద చెక్కిన నంబర్లు చూశాడు. రెండూ వేరు వేరు. పాత జెట్టును భూతద్దంతో చాలాసేపు చూసి, "దీంట్లో ఎవరూ తీగ పొడవలేదు" అన్నాడు. మామ నా వైపు చూశాడు. పాత జెట్టు కొత్త కార్బురేటరులో కూర్చుంది. ఇంజను కిరోసిన్‌తో కుదురుగా నడిచింది. మనం కొన్నది కొత్తదా, బాగుచేయించింది పాతదా అని నేను అడిగితే మామ జవాబు చెప్పలేదు.

2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక మన దేశంలో తయారయ్యే చాలా మోటారు సైకిళ్లలో కార్బురేటరు పోయి, కంప్యూటరు అదుపులో ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు వచ్చింది. అరుగు మీద వార్తాపత్రిక పరిచి దాన్ని విప్పడం కుదరదు. పాత కార్బురేటరు మాత్రం నా బల్ల సొరుగులో ఉంది. ఇరుసును పట్టుకుని కదిపితే ఇప్పటికీ కటకటమంటుంది.

ఆ రోజు రాయచూరు నుంచి వచ్చాక మామ ఎవరినీ ఎక్కించుకోలేదు. ఒక్కడే ఆ ఒడ్డుకు పోయి తిరిగి వచ్చాడు. మళ్లీ పోయాడు. బండల సందులో కావాలని వేగం తగ్గించి, కొంతసేపు నావను అక్కడే నిలిపి ఉంచాడు. రేవులో జనం చూస్తూ నిలబడ్డారు. ఆ తల్లి కూడా చంకలో బిడ్డతో వారిలో ఉంది. మామ నావను ఒడ్డుకు తెచ్చి కట్టు తాడు నా చేతికిచ్చాడు.

పెరుగు కుండతో ఒక అవ్వ ముందుకు వచ్చింది.

"ఏం నాయనా, ఈసారి ఆగదు కదా?"

"ఆగితే గడ ఉంది, అవ్వా" అన్నాడు మామ.

అవ్వ కుండను నా చేతికి అందించి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని నావ ఎక్కింది.